ఐదో నిబంధన

కొండమీది మఠం, మసాకా
8 జనవరి 1998

అన్నయ్యా,

కొత్త సంవత్సరంలో ప్రభువు నీకూ నీ గుడికీ శాంతినివ్వాలి. ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఒకటి నీ కళ్ళకు, రెండోది నీ నోటికి. ఫిబ్రవరి ఒకటి, ఆదివారం, మా బడి తన పిల్లల కుటుంబాలన్నిటికీ స్వాగతం చెబుతుంది. ఆ స్వాగత పత్రాన్ని ఏటా లాగే మీ గుడిలో ప్రార్థన అయ్యాక చదివి వినిపించు. మన ఊరి నుంచి పదకొండుమంది పిల్లలున్నారు. ఒక్కొక్కరికీ ఒక పార, రెండు చీపుర్లు, పేరు రాయించిన ఇనప్పెట్టె. పోయిన ఏడాది ముకాసావాళ్ళు కానుకగా మేకను కూడా తోలుకొచ్చారు. అది బలిపీఠం మీద పూలు తినేసింది. ఈసారి మేక ఇంటి దగ్గరే ఉండాలని నా మాటగా చెప్పు.

అక్టోబరులో గెరవాజీ అన్నకు మట్టి వేసి ఆ సాయంత్రమే కొండెక్కాను. ఆ తరవాత వానలకు వంతెన పోయింది, అన్న కూతురు ఫెలిస్తా ఆ విడత బడికి రాలేదు, మీ కబురు లేదు. దుఃఖం ముగింపు తంతు క్రిస్మస్ లోపు జపాలతో చేయిస్తానని సమాధి దగ్గర అందరి ముందూ అన్నావు. చేసే ఉంటావు. ఫెలిస్తాకు ఇది ఆఖరి పరీక్షల ఏడాది. దాని తండ్రి లేని లోటు పెద్దనాన్నగా నువ్వు చూస్తావు, మేనత్తగా నేను చూస్తాను. తల గీయించి, టైముకు పంపు.

నీ చెల్లెలు
సిస్టర్ స్కొలాస్టికా


కిసోసో గుడి
18 జనవరి 1998, ఆదివారం

ప్రధానోపాధ్యాయురాలు సిస్టర్ స్కొలాస్టికాగారికి,

చెల్లీ అని రాయబోయి కలం ఆపాను.

చదివాను నీ కాగితం. ముందుగా చూసుకోలేదు, ఏనాడూ చూసుకోను. ఉపదేశి నోరు కొళాయి లాంటిది, గొట్టంలో ఏది వస్తే అది పోస్తుంది. ఒకటో నిబంధన పార, రెండు చీపుర్లు, మూడు పెట్టె, నాలుగు పరుపు. మేక సంగతి చెప్పాను, జనం నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే నా గొంతు ఐదో నిబంధన మీదికి వెళ్ళిపోయింది. 'తల నున్నగా గీయించుకోని పిల్ల ఏ కారణం చేతనైనా గేటు దాటరాదు. చనిపోయినవారి కోసం పెంచే దుఃఖపు జుట్టు కూడా కారణంగా చెల్లదు.'

మూడో వరసలో మన గెరవాజీ భార్య మాగలిటా ఉంది. పక్కన ఫెలిస్తా. తండ్రికి మట్టి వేసిన రోజు నుంచి పెరిగిన జుట్టు దాని నెత్తి మీద ఉంది. గుడి మొత్తం తల తిప్పి ఆ తలను చూసింది. మాగలిటా లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, "ఉపదేశిగారూ, చదవడం అయిందా, ఇంక మేం వెళ్ళొచ్చా?" అంది. కూతుర్ని తీసుకుని నడిచి వెళ్ళిపోయింది. ఆఖరి ఆశీర్వాదం కూడా తీసుకోలేదు.

ముగింపు రోజు దాకా మనవాళ్ళు తల మీద కత్తి పెట్టరని నీకు తెలియదా? నువ్వు పుట్టింది ఏ ఇంట్లో? పరిసయ్యులు మోయలేని బరువులు కట్టి మనుషుల భుజాల మీద పెడతారని, తాము మాత్రం వేలితో కూడా కదపరని ప్రభువు అన్నాడు. ఆ మాట మగవాళ్ళ గురించే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ముసుగు వేసుకున్న పరిసయ్యులు కూడా ఉంటారని ఇవాళ తెలిసింది. మన తలవెంట్రుకలన్నీ దేవుడు లెక్కపెట్టి ఉంచాడు. ఆయన లెక్కపెట్టినవాటిని నువ్వు గేటు దగ్గర ఊడ్పిస్తావా?

ముగింపు ఇంకా కాలేదు. మొన్న మొన్నటిదాకా వంతెన లేదు, పెద్దలు కుదరలేదు. అది వేరే సంగతి.

ఫాదరు కూడా ఇవాళ నన్ను ఆటపట్టించాడు, నీ తల కాకి గూడులా ఉంది ఉపదేశీ అని. మంగలి కసులె కత్తెర విరిగిందట, కొత్తది పట్నం నుంచి రావాలి. లోకంలో ఏదీ సరిగ్గా లేదు.

పిల్లను ఆ జుట్టుతోనే పంపుతాను. ఆపి చూడు.

అనతోలి బుకెన్యా, ఉపదేశి


కొండమీది మఠం
24 జనవరి 1998

అన్నయ్యా,

నేను కలం ఆపలేదు. నువ్వు అన్నయ్యవే. అందుకే ఇంత కోపం.

నీ ఉత్తరం అందగానే నిబంధనల పుస్తకం తీశాను. స్వాగత పత్రంలో పార, చీపురు, పెట్టె నేను రాసినవి. ఐదో నిబంధన నేను రాసింది కాదు, పుస్తకంలో ఉన్నది ఏటా దింపుతాం. ఇన్నేళ్ళూ మీ గుడిలో నువ్వే చదివావు. మూడో వరసలో దుఃఖపు జుట్టుతో మనవాళ్ళ పిల్ల లేదు గనక నీ చెవికి అది వినపడలేదు. పుస్తకంలో దాని పక్కన తేదీ ఉంది: 6 మార్చి 1977. కింద అప్పటి మదర్ చేతిరాత: 'ఉపదేశి అనతోలి ప్రసంగం విన్న తరవాత.'

గుర్తు రాకపోతే నేను గుర్తు చేస్తాను. తపసుకాలం, ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. మా ప్రార్థన గది. నూట నలభైమంది ఆడపిల్లలం నేల మీద కూర్చున్నాం. నీకు ఇరవై ఆరేళ్ళు, ఈ చుట్టుపక్కల గుళ్ళన్నిట్లో నీ గొంతుకు మించిన గొంతు లేదు. 'యోబు పదిమంది బిడ్డల్ని పోగొట్టుకుని ఏం చేశాడు? లేచాడు, తల గొరిగించుకున్నాడు, సాష్టాంగపడి దేవుణ్ణి కొలిచాడు. జుట్టు పెంచి చచ్చినవాళ్ళకు కాపలా కాసేది సైతాను బిడ్డలు' అన్నావు. అలాంటి తల ఈ గదిలో ఉందా అని అడిగావు. అందరూ నావైపు చూశారు. అమ్మ పోయి ఏడు వారాలు. నాకు పదిహేనేళ్ళు. నన్ను ముందుకు పిలిచావు. మోకరించాను, పెద్దవాళ్ళు పిలిస్తే మోకరించడమే కదా మనకు నేర్పింది.

నీ జేబులో బ్లేడు ఉంది అన్నయ్యా. నేను ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆలోచిస్తున్నది ఆ ప్రసంగం గురించి కాదు. ప్రసంగానికి వస్తూ జేబులో బ్లేడు వేసుకుని వచ్చావు, దాని గురించి. ఎడమ చెవి వెనక తెగింది. ముసుగు కింద ఆ గీత ఇంకా ఉంది.

అమ్మ ముగింపు రోజున మన అక్కచెల్లెళ్ళందరూ వరసగా కూర్చుని తలలు గీయించుకున్నారు. గీయడానికి నా తల మీద ఏమీ లేదు. పెద్దత్త బ్లేడు ఎత్తి, నన్ను చూసి, పక్కదాని దగ్గరకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఫెలిస్తా తల దగ్గరకు వచ్చేసరికి వెంట్రుకలు దేవుడు లెక్కపెట్టినవి అయ్యాయా? నావి ఎవరు లెక్కపెట్టారు?

ఐదో నిబంధన కొట్టేయాలంటే మఠం సంఘం ఒప్పుకోవాలి. 'ఉపదేశి ప్రసంగం విన్న తరవాత' అని రాసినదాన్ని ఉపదేశి మాట మీద కొట్టేయడం సులువు. నీ ప్రసంగం తప్పని రెండు వరసలు రాసి పంపు. ఇంకొక ప్రశ్న. ముగింపు తేదీ పెట్టాల్సింది ఇంటి పెద్ద. ఇంటి పెద్దవు నువ్వు. ఆపుతున్నది ఎవరు?

స్కొలాస్టికా


కిసోసో
28 జనవరి 1998

చెల్లీ,

పాత పుండును ఇన్నేళ్ళు ముసుగు కింద దాచి, తండ్రి పోయిన పిల్ల మీద తీర్చుకుంటున్నావన్నమాట. ఇప్పుడు అర్థమైంది. కొట్టేయడం చేతిలో ఉండి కూడా కొట్టేయలేదంటే, అది ఎవరి కోసం దాచి ఉంచావు? నా రక్తంలో నుంచే ఒక తల వస్తుందని ఎదురుచూశావు.

రెండు వరసలు రాయమంటావా? ప్రవక్త చెప్పిన మాటను ప్రవక్త చేతే కడిగిస్తావా? నేను అప్పుడు చెప్పింది యోబు గ్రంథంలో ఉంది. మొదటి అధ్యాయం, ఇరవయ్యో వచనం. తీసి చూసుకో. నేను కల్పించలేదు.

ముగింపు ఎందుకు ఆగిందంటే వంశం పెద్దలు ఒక మాట మీదికి రావడం లేదు. విందు ఖర్చుకు కాఫీ గింజ ఎండలేదంటాడు ఒకడు, అరటి గెల ముదరలేదంటాడు ఇంకొకడు. వాళ్ళతో నేను పడుతున్నది పైనున్న దేవుడికి తెలుసు.

మాగలిటా నాతో మాట్లాడటం మానేసింది. నిన్న మా ఇంటికి మతోకె అరటికాయ ముద్ద పంపింది, ఆకులో చుట్టి, వేడిగా, మర్యాద తప్పకుండా. పిల్ల చేత పంపింది, మాట మాత్రం పంపలేదు. దానికంటే రాయి పంపినా బావుండేది. ఫెలిస్తా మోకరించి ఆకు నా ముందు పెట్టి, నా తలవైపు పదే పదే చూసి వెళ్ళింది. దాని చూపులు కూడా నీలాగే ఉన్నాయి.

యిర్మీయాకు ప్రభువు ఏం చెప్పాడు? నా మందిరపు గుమ్మంలో నిలబడి ప్రకటించు అన్నాడు. ఆదివారం నేను నీ గుమ్మంలో నిలబడతాను. కుటుంబాలన్నీ వింటాయి. స్వాగతం అంటే ఏమిటో నేను చెబుతాను.

అనతోలి


కిసోసో
2 ఫిబ్రవరి 1998

సిస్టర్,

చూశాను. రోడ్డుకు అవతల యూకలిప్టస్ చెట్ల కింద నిలబడి అంతా చూశాను.

గేటుకు అరటి చెట్లు కట్టారు, కాగితం పూలు కట్టారు. పిల్లలు ఒక్కొక్కరే నీ ముందు మోకరిస్తే నువ్వు ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేశావు. ఎంత చక్కగా నవ్వావు. నేను కావాలనే ఫెలిస్తాను ముందు పంపి వెనక ఆగాను. నువ్వు దాన్ని ఆపిన మరుక్షణం రోడ్డు దాటుదామని. నా ప్రసంగం నాలుక మీద సిద్ధంగా ఉంది.

నువ్వు దాన్ని ఆపలేదు. అంతకంటే ఘోరం చేశావు. గేటు పక్క గదిలోకి తీసుకుపొమ్మని నర్సుకు సైగ చేశావు. ఆ గదిలో ఏముంటుందో నాకు తెలుసు, బేసిను, సబ్బు, బ్లేడ్లు. కాసేపటికి పిల్ల బయటికి వచ్చింది. నెత్తికి తెల్ల గుడ్డ కట్టి ఉంది. తల వంచుకుని నడిచింది.

చేసేశావు. నాతో తీరాల్సిన కక్షను దాని నెత్తి మీద తీర్చావు.

నేను గేటు దాకా రాలేదు. పూజకు ఆగలేదు, మీ భోజనం ముట్టలేదు. గుమ్మంలో ఏ మాట అరవాలో మరిచిపోయాను. ఊరికి పదిహేను మైళ్ళు నడిచే వచ్చాను. ఇంక మీ స్వాగత పత్రాలు మా గుడికి పంపకు. చదవడానికి ఇక్కడ ఎవరూ లేరు.

అ. బుకెన్యా


కొండమీది మఠం
7 ఫిబ్రవరి 1998

అన్నయ్యా,

నువ్వు పదిహేను మైళ్ళు నడిచావు. రోడ్డు దాటి ఇరవై అడుగులు వేయలేకపోయావా?

ఎవరూ ఎవరి తలా గీయలేదు. ఆ గదిలో నర్సు చేసింది ఇంతే: నా పెట్టెలోని తెల్ల ముసుగుల్లో ఒకటి తీసి ఫెలిస్తా జుట్టు మీద కట్టింది. తల వంచుకున్నది ఏడుపుతో కాదు, అంత పెద్ద ముసుగు కళ్ళ మీదికి జారితే కింద చూసుకుంటూ నడిచింది. దాని పక్క పిల్లలు ఇప్పటికే దాన్ని 'చిన్న మదర్' అంటున్నారు. క్లాసులో కూర్చుంటోంది, అన్నం తింటోంది. మఠం సంఘం ముందు నేను మోకరించి గడువు అడిగాను. తపసుకాలం మొదలయ్యే దాకా ఇచ్చారు. ఈ నెల ఇరవై ఐదు, విభూది బుధవారం. అప్పటికి ముగింపు కాకపోతే, నిబంధన మారకపోతే, దాన్ని ఇంటికి పంపాలి. పరీక్షలకు పేర్లు మార్చిలో వెళ్తాయి. ఈ ఏడు పేరు పోతే దాని చదువు పోయినట్టే, మాగలిటా ఇంకో ఏడాది లాగలేదని నీకూ తెలుసు.

నాకు పాపులు కనిపిస్తే జాలి వేస్తుంది. నీకు ప్రసంగం ముందు తయారవుతుంది, దానికి తగ్గ పాపి తరవాత కావాలి. దొరక్కపోతే ఎవరినైనా కూర్చోబెట్టి తయారు చేసుకుంటావు. ఆ రోజు నన్ను. ఈ రోజు కూడా నన్నే.

ఫెలిస్తాను అడిగాను, ముగింపు ఎందుకు కాలేదని. పెద్దలు ఎప్పుడో ఒప్పుకున్నారట. మూడుసార్లు తేదీ పెట్టారట. మూడుసార్లూ నువ్వే వద్దన్నావట, అది అన్యుల ఆచారం, ఉపదేశి ఇంట్లో జరగదు అని. నాతో మాత్రం కాఫీ గింజ ఎండలేదన్నావు. అంటే ముగింపు వద్దన్నది నువ్వే, ముగింపు దాకా పిల్ల తల ముట్టకూడదన్నదీ నువ్వే. ఆ పిల్ల ఏం చేయాలి, తల తీసి నీకు ఇచ్చి రావాలా?

ఇంకో మాట చెప్పింది. మంగలి కసులె కత్తెరకు ఏమీ కాలేదట. క్రిస్మస్‌కు ఊరందరికీ వాడే జుట్టు కత్తిరించాడట. నిన్ను రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ వెళ్ళలేదట. "అత్తా, మా నాన్నకు మట్టి వేసినప్పటి నుంచి పెద్దనాన్న తల మీద కత్తి పెట్టలేదు. ఆయన కూడా నాలాగే ఉన్నాడు. ఎవరికీ చెప్పడు" అంది.

అన్నయ్యా, నువ్వు ఎవరి కోసం పెంచుతున్నావు ఆ జుట్టు?

స్కొలాస్టికా


కిసోసో
15 ఫిబ్రవరి 1998, ఆదివారం

చెల్లీ,

వారం రోజులు నీ ఉత్తరం జేబులో పెట్టుకు తిరిగాను. ఆ రోజు బ్లేడు పెట్టుకున్న జేబు ఇదే వైపు.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నేను ఏ సెమినరీలో చదవలేదు. నాకు అక్షరాలు వచ్చింది ఒక్క పుస్తకంతో. పాత గుడి గోడలో దొరికిన బైబిలు. ముందు సగం చెదలు తినేశాయి. ఆదికాండం లేదు, మోషే రాసిన పుస్తకాలు ఒక్కటీ లేవు. నా పుస్తకం యోబుతో మొదలయ్యేది. లోకం యోబుతో మొదలైందనే అనుకున్నాను. నేను చదివింది సగం పుస్తకం. అరిచింది పూర్తి గొంతుతో.

1983లో ఊరు విడిచి వెళ్తూ ఒక ఫాదరు నాకు పూర్తి బైబిలు ఇచ్చాడు. మొదటి నుంచి చదివాను. ద్వితీయోపదేశకాండం పద్నాలుగో అధ్యాయం మొదటి వచనం దగ్గర ఆగాను. చచ్చినవారి కోసం మిమ్మల్ని కోసుకోకండి, నుదుటి మీద బోడి చేసుకోకండి అని ఉంది. నీ తల మీద నేను చేసింది అదే, దేవుడు వద్దన్నదే, దేవుడి పేరుతో. 1977లో నీతో కలిపి పందొమ్మిది తలలు గీశాను. వేలు ఆ వచనం మీద పెట్టి కూర్చున్నాను. తరవాత పుస్తకం మూసేశాను. పదిహేనేళ్ళు మూసే ఉంచాను. గొంతు మాత్రం తగ్గించలేదు. అబద్ధికుడి గొంతు తగ్గితే జనం పోల్చుకుంటారు.

గెరవాజీ పోయినప్పుడు కసులె దగ్గరకు వెళ్ళాను. కుర్చీలో కూర్చున్నాను. వాడు గుడ్డ కప్పగానే లేచి వచ్చేశాను. ఎందుకో నాకే తెలియలేదు. గెరవాజీ నాకంటే ఆరేళ్ళు చిన్న. వాణ్ణి వీపు మీద మోసినవాణ్ణి. ముగింపు చేయిస్తే ఉపదేశి తల కూడా అందరి ముందూ వంచాలి, ఆ పందొమ్మిదిమందిలో బతికున్నవాళ్ళు చూస్తారు. అందుకే అన్యుల ఆచారం అన్నాను. నా సిగ్గుకు దేవుడి చొక్కా తొడిగాను.

ఇవాళ ప్రార్థన అయ్యాక ఇదంతా గుడిలో చెప్పాను. అరవలేదు. వెనక వరసలవాళ్ళు ముందుకు జరిగారు. అయిపోయాక మాగలిటా లేచి, "తేదీ ఎప్పుడు?" అంది. నాలుగు వారాల్లో నాతో అన్న మొదటి మాట.

తేదీ ఇరవై ఒకటి, శనివారం. విభూది బుధవారానికి నాలుగు రోజుల ముందు. ఫెలిస్తాను తీసుకుని రా. మఠం సంఘానికి నువ్వడిగిన రెండు వరసలు వేరే కాగితం మీద రాశాను, ఇదే కవరులో ఉంది. పెద్దత్త లేదు గనక ఇంటి ఆడబిడ్డగా గీయాల్సింది నువ్వే. బ్లేడు నీ జేబులో వేసుకుని రా. పిల్ల తల కంటే ముందు నాది.

అనతోలి


కొండమీది మఠం
6 మే 1998

అన్నయ్యా,

రెండో విడత బడి ఈ నెల ఇరవై ఐదున తెరుస్తాం. కుటుంబాలకు స్వాగత పత్రం ఈ కవరులో ఉంది. మేక సంగతి ఈసారి రెండో నిబంధనలో చేర్చాను.

ఫెలిస్తా పేరు పరీక్షలకు వెళ్ళింది. బోడి తలతో లెక్కల్లో ఫస్టు వచ్చింది. నా ముసుగు ఉతికి, మడతపెట్టి తిరిగి ఇచ్చింది, ఇదింక నాకు సరిపోదు అత్తా అని.

ఆ శనివారం నీ తల గీస్తూ మధ్యలో బ్లేడు ఆపాను. నువ్వు దాన్ని క్షమ అనుకుని ఏడ్చావు. అది కోపం. ఇంకా ఉంది, ఒక్క పొద్దుతో పోయేది కాదు. చెవి వెనక మాత్రం తెగకుండా నెమ్మదిగా గీశాను. క్షమ ఏదైనా ఉంటే ఆ రెండు అంగుళాల్లో ఉంది. ప్రస్తుతానికి దానితో సరిపెట్టుకో.

సంఘం నీ రెండు వరసలు చదివి పాత ఐదో నిబంధనను కొట్టేసింది. కొత్తది ఏం రాయాలని నన్ను అడిగారు. నేను ఖాళీగా వదిలాను. కాగితం చూడు, ఐదు అంకె పక్కన ఏమీ లేదు. అన్ని గుళ్ళకూ పంపే ముందు నువ్వు నింపి పంపు. పాతది నీ నోట్లో నుంచే వచ్చింది, కొత్తది కూడా అక్కడి నుంచే రావాలి.

ఈసారి ముందుగా చదువుకో.

నీ చెల్లెలు
స్కొలాస్టికా


కిసోసో
10 మే 1998, ఆదివారం

చెల్లీ,

ముందుగా చదువుకున్నాను. నింపడానికి మూడు రోజులు పట్టింది. వచనాలు పెడదామని మొదలుపెట్టి పదకొండు పెట్టాను, తరవాత అన్నీ కొట్టేశాను. మిగిలింది ఇది:

'ఐదు. దుఃఖంలో ఉన్న పిల్ల ఏ తలతో వస్తే ఆ తలతోనే లోపలికి రావాలి. గేటు దగ్గర పేరు తప్ప ఆమెను ఎవరూ ఏమీ అడగరు.'

ఇవాళ గుడిలో చదివాను. మూడో వరసలో మాగలిటా లేచి, "ఉపదేశిగారూ, అది మళ్ళీ చదవండి, వెనకవాళ్ళకు వినపడలేదు" అంది.

వినపడింది. నా గొంతు అవతలి కొండకు వినపడుతుంది. అయినా మళ్ళీ చదివాను.

నీ అన్న
అనతోలి